నిలువు, బార

"మనిషిని టేపుతో కొలిస్తే ఆయుస్సు తరిగిపోతాదప్పా. వద్దు!"

బయమ్మ ముందుకొచ్చి కొడుకు ఓబులేషుకు అడ్డంగా నిలబడింది. కదిరి నుంచి వచ్చిన శిల్పి చంద్రమోహన్ నవ్వాడు.

"రెండేళ్ల కింద కొలిచింటి కదక్కా. ఓబులేషుకు ఏమన్నా అయిందా?"

అతని చేతిలో ఒక కాగితం ఉంది. ఐదొందల ఏళ్ల కింద ఇటలీలో డావించి గీసిన బొమ్మ అది. గుండ్రటి గీతలో చేతులు చాపిన మనిషి. నాలుగు చేతులు, నాలుగు కాళ్లు. చక్కటి మనిషికి నిలువెంతో, చాపిన చేతుల బారా అంతే ఉంటుందని దాని లెక్క. దాన్ని రాతిలో చెక్కమని ఒక కాలేజీవాళ్లు ఇన్నాళ్లకు అడిగారు. రెండేళ్ల కింద ఎన్నో ఊళ్లు తిరిగితే ఆ లెక్కకు సరిపోయినవాడు ఓబులేషు ఒక్కడే. నిలువు ఐదడుగుల ఏడంగుళాలు, బారా అంతే.

ఇప్పుడూ సరిపోతే కదిరిలో తన దగ్గరే పనికి పెట్టుకుంటానన్నాడు చంద్రమోహన్. ఈ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. అవి తాగే బయమ్మ మొగుడు ఎర్రిస్వామి నలభై అయిదేళ్లకే నడుము వంగిపోయాడు. కొడుకైనా ఈ నీళ్లకు దూరంగా పోవాలని ఆమెకు ఆశ. పోతే ఏ లారీ గుద్దుతుందోనని భయమూ ఆమెకే.

"నాలుగు చేతులా!" మంచం మీద నుంచి ఎర్రిస్వామి నవ్వాడు. "శెనక్కాయ పెరికేదానికి కూలోళ్లే అక్కర్లా."

"నువ్వు నోరు మూసుకో."

ఓబులేషు చేతులు చాపాడు.

"బార ఐదడుగుల ఏడు. అచ్చం అంతే!" అన్నాడు చంద్రమోహన్. తర్వాత నిలువు కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఐదడుగుల అయిదు."

"నీ టేపు పాతదప్పా."

"బార కొలిచింది గూడా దీంతోనే కదక్కా."

"అట్లయితే నేల ఎత్తుపల్లం ఉండాది. రేయ్, ఈ బండ మీదికి రా."

బండ మీదా అంతే వచ్చింది. చంద్రమోహన్ టేపు చుట్టేశాడు. ఎర్రిస్వామి నవ్వు ఆగిపోయింది.

"ఆటలాడొద్దురా!" బయమ్మ చేతులు జోడించింది. "ఇరవై రెండేళ్ల పిల్లోనివి. ఒక్కసారి నిటారుగా నిలబడరా నాయనా, నీకు దండం పెడతా."

చంద్రమోహన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా బండి తీశాడు. ఆ చప్పుడు ఊరు దాటి వినిపించకుండా పోయింది. బయమ్మ ఇంకా చేతులు జోడించే ఉంది.

అప్పుడన్నాడు ఓబులేషు.

"నిటారుగానే నిలబడుండానమ్మా."