అరవైమూడో గంట

“ఎన్ని గంటలు కొడతావో ఇప్పుడే సెప్పీ బావా,” అన్నాడు జగన్నాధం.

కూర్మయ్య నోటిదాకా వెళ్ళిన టీ గ్లాసు ఆగిపోయింది. “ముందే సెప్పేస్తే నువ్వు లెక్కెట్టీది ఏటుంటాది? అదేటి అవధానం?”

“లెక్కెట్టలేకే గదా అడుగుతన్నాను.”

నౌపడ స్టేషను బయట టీ దుకాణంలో కూర్చున్నారిద్దరూ. కూర్మయ్య ఉప్పు కొఠార్లలో గుమస్తా, జగన్నాధానికి చిన్నప్పటి స్నేహితుడు. తెల్లారితే అరసవల్లి సత్రంలో జగన్నాధం అష్టావధానం. ఎనిమిది పనుల మీద ఒకేసారి మనసు పెట్టాలి. అందులో ఏడింటికి అతను జంకడు. ఎవరేం అడిగినా పద్యం తన్నుకొస్తుంది. ఎనిమిదోదే ప్రాణం తీస్తోంది. మధ్యమధ్యలో ఒకాయన తనకు తోచినప్పుడల్లా గంట కొడతాడు. మొత్తం ఎన్ని కొట్టాడో చివర్లో చెప్పాలి. పద్యం పట్టుకుంటే గంట జారిపోతుంది, గంట పట్టుకుంటే పద్యం కుంటుతుంది. కిందటేడు బొబ్బిలిలో తొమ్మిది తక్కువ చెప్పాడు. జనం పద్యాలన్నీ మరిచిపోయి ఆ తొమ్మిదినే ఊరంతా చెప్పుకున్నారు.

“ఈసారి తప్పితే ఉజ్జోగం పోతాది బావా. నారాయణమూర్తిగారు నా అవధానం సూసి ఇస్తానన్నారు.”

నారాయణమూర్తి రేపటి సభకు అధ్యక్షుడు. కొత్తగా పెడుతున్న హైస్కూలు కమిటీకీ ఆయనే అధ్యక్షుడు. తెలుగు పండితుడి పోస్టు ఆయన చేతిలో ఉంది. గంట కొట్టే మనిషిని నువ్వే చూసుకోవయ్యా అని జగన్నాధంతోనే అనడం మాత్రం ఆయన అమాయకత్వం.

“ఇది దొంగపని కాదేటి?” అన్నాడు కూర్మయ్య.

“ఎనిమిదింట్లో ఏడు నా కష్టమే గదా. ఒక్కటే గదా నిన్నడుగుతన్నాను.”

స్నేహితుడి మొహం చూస్తే కూర్మయ్యకి జాలేసింది. టీ ఒక్క గుక్కలో తాగేసి, “అరవైమూడు,” అన్నాడు.

“ఎనకాల స్తంభం పక్కన కూకో. నన్ను పలకరించకు, నాకేసి సూడకు. నేనూ నీకేసి సూడను. మనం స్నేహితులమని తెలిస్తే ఇద్దరి పరువూ పోతాది.”

మర్నాడు మాఘమాసపు ఆదివారం. అరసవల్లి జనంతో కిటకిటలాడుతోంది. గుడిలో గంటలు మోగుతూనే ఉన్నాయి. సత్రం హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. నారాయణమూర్తి జగన్నాధం రాసిచ్చిన కాగితం చూసి పేర్లు చదివాడు.

“ఘంటాగణనం, నౌపడ వాస్తవ్యులు కూర్మయ్యగారు. వెనుక భాగమున ఆసీనులై ఉన్నారు.”

జనం మెడలు వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పుకున్నారు. జగన్నాధం అటు చూడలేదు. మాటంటే మాటే.

“మా చిన్నతనంలో నూరు గంటలైనా వేలు మడవకుండా లెక్కపెట్టేవాణ్ణి,” అని నారాయణమూర్తి గొంతు సవరించుకున్నాడు. “నేడు అవధానిగారితో పాటు నేనూ లెక్కిస్తాను.”

జగన్నాధం అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. నెత్తిమీది బరువు దిగిపోయింది మరి. ఎక్కడో గంట మోగుతోంది. మోగనీ అనుకున్నాడు. పద్యం మీద పద్యం దొర్లించుకుంటూ పోయాడు. చివర్లో అన్నీ వరసగా అప్పజెప్పేసరికి హాలు చప్పట్లతో మారుమోగింది. అప్పటికి పన్నెండు దాటింది.

“ఇక మిగిలింది ఒక్కటే. గంటలెన్ని?” అని అడిగాడు అధ్యక్షుడు.

జగన్నాధం కళ్ళు మూసుకున్నాడు. కణతలు నొక్కుకున్నాడు. తెలిసినదాన్ని తెలియనట్టు వెతకడం పద్యం చెప్పడం కన్నా కష్టంగా ఉంది.

“అరువది మూడు.”

“ఘంటవారు ధ్రువీకరించాలి,” అన్నాడు నారాయణమూర్తి, వెనక్కి చూస్తూ.

ఎవరూ పలకలేదు. మాటిచ్చాడు గనక జగన్నాధం అటు తల తిప్పలేదు. కూర్మయ్యకి ఇప్పుడు నీతి గుర్తొచ్చిందా? నలుగురిలో నిలబెట్టి పరువు తీస్తాడా? ఉద్యోగం సంగతి దేవుడెరుగు, ఇక్కణ్ణించి బయటపడడం ఎలాగా అనుకున్నాడు.

ముందు వరసలో ఉన్న ప్లీడరుగారు లేచాడు. “ఆయనెందుకండీ? మీరూ లెక్కపెడతానన్నారుగా?”

హాలంతా నారాయణమూర్తి వైపు తిరిగింది. ఆయన కండువా సర్దుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“సరిగ్గా అరవైమూడు,” అన్నాడు.

“నాకు అరవైరెండే వచ్చాయి. పొడుం పీల్చినప్పుడు ఒకటి జారిపోయినట్టుంది,” అన్నాడు ప్లీడరుగారు.

మళ్ళీ చప్పట్లు మోగాయి. నారాయణమూర్తి జగన్నాధానికి శాలువా కప్పి, ఈయనే మన హైస్కూలు తెలుగు పండితులు అని మైకులో ప్రకటించేశాడు. జగన్నాధానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కూర్మయ్య మంచివాడే, పెదవి విప్పకుండా కాపాడాడు అనుకున్నాడు. జనం భోజనాల వైపు కదిలారు. వేదిక మీద ఇద్దరే మిగిలారు.

అప్పుడు పక్క గుమ్మంలోంచి కూర్మయ్య వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. చంకలో గంట ఉంది. వస్తూనే నారాయణమూర్తికి దణ్ణం పెట్టాడు.

“శమించాలి బాబూ. నౌపడలో బండెక్కినాను గానీ అది సగం దారిలో ఆగిపోనాది. ఇప్పుడే దిగి పరిగెట్టుకొస్తన్నాను. ఇంకా మొదలెట్టనేదు గదా?”

జగన్నాధం నారాయణమూర్తి వైపు చూశాడు. నారాయణమూర్తి జగన్నాధం వైపు చూశాడు. తర్వాత నారాయణమూర్తి బల్ల మీద మిగిలిన శాలువా తీసి, దులిపి, కూర్మయ్య భుజాల మీద కప్పాడు.

“గంట చాలా బాగా కొట్టారు, కూర్మయ్యగారూ. నేను స్వయంగా లెక్కపెట్టాను.”