ట్రెంట్ పట్టు

“గిదేం న్యాయం తల్హా భాయ్? గీన్ని ఆడిస్తవా మా మీద?” అంటూ పోశన్న బరికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

గల్ఫ్‌లో బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపు వెనక ఇసుకలో సున్నంతో గీసిన కబడ్డీ బరి అది. స్పోర్ట్స్ డే కాబట్టి కంపెనీకి సెలవు. సైట్ జట్టుకు పోశన్న కెప్టెన్, ఆఫీసు జట్టుకు టైమ్‌కీపర్ తల్హా. పోశన్న వేలు చూపిస్తున్నది తల్హా వెనక తలుపంత వెడల్పున నిలబడ్డ అమెరికావాడు ట్రెంట్ వైపు.

“మా కొత్త సేఫ్టీ ఆఫీసర్ కాకా. ఆఫీసోడే గద. ఐడీ చూపియ్యమంటవా?”

“ఐడీ ముచ్చట గాదు. కాలేజీల నాలుగేండ్లు మనుషులను పడగొట్టుడే చేసిండంట గద.”

అందులో అబద్ధం లేదు. అమెరికా ఫుట్‌బాల్లో బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి పట్టి కూలదోయడమే ట్రెంట్ పని. మోకాలు దెబ్బతినకపోతే పెద్ద జట్లలోకి పోయేవాడేనట. ఆ వీడియోలు తల్హా ఇరవైసార్లు చూశాడు. ఎంతటివాళ్ళయినా ట్రెంట్‌కు తగిలి గడ్డిలో పడాల్సిందే. పడగానే ట్రెంట్ లేచి, పడ్డవాడికి చెయ్యందించి లేపుతాడు. ఎంత మర్యాదస్తుడో అని తల్హా మురిసిపోయాడు.

ఆ మురిపెం ఊరికే కాదు. వచ్చే శుక్రవారం జగిత్యాలలో చెల్లెలు కహకషాన్ నిఖా. లీవు అడిగితే మేనేజర్ ఫసీయుద్దీన్ రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారికి, ఆరేళ్ళుగా ఓడుతూనే ఉన్న ఆఫీసు జట్టు గుర్తొచ్చిందేమో, “కప్పు తెచ్చి నా టేబుల్ మీద పెట్టు. లీవు పేపర్ మీద దస్కత్ అప్పుడే పెడ్త” అన్నాడు.

అంతే, నెల రోజులు డ్యూటీ దిగగానే ట్రెంట్‌కు పాఠాలు. కూత అంటే ఏమిటి, ముట్టుకుంటే ఎవరు ఔటు, కూతకొచ్చినవాణ్ణి మధ్య గీత ఎందుకు దాటనివ్వకూడదు, అన్నీ కాగితం మీద బొమ్మలు గీసి మరీ నేర్పాడు.

“ఏమన్న నేర్పుడు మర్చిపోయినవా?” అని ఆ పొద్దున్నే అడిగాడు ఫసీయుద్దీన్.

“లేదు సార్. మనూర్ల పోరగాండ్లకు గూడ తెలిసినయి తప్ప అన్నీ చెప్పిన.”

“యల్లా, ఆట షురూ” అని రెఫరీ పోశన్నను పక్కకు జరిపాడు.

చివరి నిమిషానికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూతకు సైట్ జట్టు నుంచి సురేందర్ వచ్చాడు. వేలి కొసతో ట్రెంట్ మోచేతిని తాకి వెనక్కి దూకాడు. ఇక గీత చేరితే కప్పు వాళ్ళదే.

చేరలేదు. ట్రెంట్ ఒక్క అంగలో అందుకుని, గీతకు వీపు పెట్టి అడ్డం తిరిగి, నడుం చుట్టి వాణ్ణి ఇసుకలో కూలేశాడు. ఆ చప్పుడుకు బరి చుట్టూ ఉన్న రెండొందల మందీ నోళ్ళు తెరిచారు. గీతకు బారెడు దూరంలో సురేందర్ పడి ఉన్నాడు. పెదాలు మాత్రం ఆడుతున్నాయి. “కబడ్డి, కబడ్డి, కబడ్డి...”

కూత తెగిందా, గెలిచినట్టే. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని చెవి ఒగ్గాడు. తల్హా కళ్ళకు అప్పుడే చెల్లెలి చేతుల గోరింటాకు కనపడిపోయింది.

ట్రెంట్ చేతులు వదిలేసి లేచి నిలబడ్డాడు.

 తల్హా అరవబోతే వచ్చిన ఇంగ్లీషంతా ఎటో పారిపోయి, “పట్టుకో, ఇడ్వకు, ఇడ్వకు” అని తెలుగే వచ్చింది. ట్రెంట్ ఆటలో మనిషి నేలకు తగిలితే అక్కడితో సరి. కబడ్డీలో కాదు. ఆ ముక్క ఒక మనిషికి చెప్పాల్సి ఉంటుందని తల్హాకు కలలో కూడా తోచలేదు.

ట్రెంట్ అతని వైపు చూసి నవ్వి, వంగి, పడ్డవాడికి చెయ్యందించాడు.

సురేందర్ ఆ చెయ్యి పట్టుకుని లేచి, గీత అవతల కాలు పెట్టాక కూత ఆపి, “షుక్రన్ సార్” అన్నాడు.