నవ్వితేనే చెల్లింపు

ప్రభుత్వం కార్డు మిషన్ల మీద కమిషన్ రద్దు చేసిన రోజున, విజయనగరం శ్మశానం గేటు దగ్గర దండలమ్మే పైడితల్లి పక్క కొట్టు నూకాలుకు జిలేబీ తినిపించింది. నూటికి రెండు రూపాయలు మిగులుతుంటే చేదా మరి?

చట్టం డబ్బు తీసుకోవద్దంది గానీ ఇంకేమీ తీసుకోవద్దనలేదు. మిషన్ కంపెనీ కొత్త షరతు పెట్టింది. కార్డు పెట్టగానే దుకాణం వాళ్లు నవ్వుతూ "శుభాకాంక్షలు! మళ్లీ మళ్లీ రండి!" అనాలి. గొంతులో నవ్వు వినపడకపోతే డబ్బు పడదు. మూడుసార్లు తప్పితే కొట్టుకు తాళమే.

నోట్ల చెలామణీ ఎప్పుడో పోయింది. పైడితల్లి నవ్వడం నేర్చుకుంది. కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి ఆమె మొహాన ఉమ్మితే, డబ్బు పడేదాకా నవ్వి, ఆ తరవాతే తుడుచుకుంది.

మొన్న మంగళవారం ఆమె మొగుడు అప్పన్న పోయాడు. కొట్టు తెరవలేదు, పూలు లేవు. నూకాలు దగ్గరే దండ తీసుకుంది.

"డబ్బులొద్దప్పా, ఒట్టుకెళ్లిపో" అంది నూకాలు.

"ఊరికినే తెచ్చిన దండ మీ బావ మెళ్లో ఎయ్యనే" అంటూ పైడితల్లి కార్డు పెట్టేసింది.

నూకాలు నవ్వబోయింది, ఏడుపొచ్చింది. ఎర్రలైటు. మళ్లీ నోరు తెరిచింది, మళ్లీ ఏడుపే. మళ్లీ ఎర్రలైటు. ఇంకొక్కసారి తప్పితే నూకాలు పిల్లలకు కూడుండదు.

"నీ వల్ల కాదు గానీ, జరుగు" అంది పైడితల్లి.

దండ గుండెకు హత్తుకుని మిషన్ మీదికి వంగింది. హాయిగా, గలగలా నవ్వింది.

"శుభాకాంక్షలు! మళ్లీ మళ్లీ రండి!"

పచ్చలైటు వెలిగింది.

"మీ నవ్వు చాలా బాగుంది" అంది మిషన్.