రెండు సెకన్ల ముడి

"ఆ ఫోన్ల ఏమున్నదయ్యా? బజ్జీలు సల్లారిపాయె," అంది ప్రసన్న.

ఆదివారం పూట డుమస్ బీచ్‌కు తీసుకొచ్చి, సముద్రం వైపు ఒక్కసారైనా చూడని మొగుడి మీద ఏ పెళ్లానికైనా ఒళ్లు మండుతుంది. రవీంద్ర ధ్యాసంతా ఫోన్‌లోనే ఉంది. మరమగ్గాల పనివాళ్ల ఫోరంలో కొత్తవాళ్ల సందేహాలకు అతను రెండు వందల జవాబులు రాశాడు. అక్కడ అందరి పేర్ల కిందా కదిలే సంతకం బొమ్మలున్నాయి. ఒకడికి దూకే సింహం, ఇంకొకడికి తిరిగే చక్రం. తనకు మాత్రం ఉత్త పేరు.

షెడ్డులో తెగిన పోగు ముడివేస్తూ, ఫోన్‌ని ఎదురుగా నిలబెట్టి తీసుకున్న వీడియో ఒకటుంది. అందులోంచి రెండు సెకన్లు కత్తిరించాడు. ఫోరం ఒప్పుకోలేదు. బొమ్మ వంద కేబీ దాటకూడదట. ఫ్రేములు సగానికి తగ్గించాడు. అయినా ఒప్పుకోలేదు. రంగులు పదహారుకు కుదించాడు. ఆ దెబ్బకు ఆడ చెయ్యో మగ చెయ్యో కూడా తెలియకుండా పోయింది గానీ, ముడి మాత్రం చక్కగా పడుతోంది. పడి, విడిపోయి, మళ్లీ పడుతోంది.

"షెడ్డుల ఫోన్ తీస్తే కొలువు పోతదని బోర్డు వెట్టిండ్రు గదా! జర భయముండాలె."

"అండ్ల నా మొకమే లేదుగదనే."

"చెయ్యున్నది గదా? సూసినోళ్లకు ఎర్కవడదా?"

ఆ మాట రవీంద్రను కుట్టింది. డిజైన్లు బయటికి పోతాయని సేటుకు భయం. పోయిన నెలే ఒకణ్ణి గేటు దాటించాడు. రవీంద్ర కాసేపు కాలుగాలిన పిల్లిలా ఇసుకలో తిరిగాడు. చివరికి బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేశాడు. కుడిచేతి ముడి ఎడమచేతిదైపోయింది.

"ఇంక నన్ను బ్రహ్మ గూడ పట్టలేడు," అని బొమ్మ ఎక్కించి, చల్లారిన బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున సూపర్‌వైజర్ రఘుపతి ఫోన్ పైకెత్తుకుని షెడ్డులోకి వచ్చాడు.

"గీ చెయ్యి ఎవలిది? సేటు ఫోన్‌కు ఎవలో పంపిండ్రు. ఎవలిదో కనుక్కోమంటుండు!" మగ్గాల చప్పుడు మీదుగా అరిచాడు.

తన బొమ్మే. రవీంద్ర మగ్గం మీదికి వంగిపోయాడు.

"ఎడమచేతి ముడి. మన దగ్గర ఎడమచేత్తోని ముడేసేది ఒక్కతే," అంటూ రఘుపతి మూలకు నడిచాడు. "ఐలమ్మా, జర ఆఫీసులకు రా."

ఆ ముడి రవీంద్రకు నేర్పిందే ఐలమ్మ. ఆమెకు ఎదురుగా కూచుని, ఆమె ఎడమచేతిని చూస్తూ తను కుడిచేత్తో నేర్చుకున్నాడు. అదే వంపు, అదే లాగుడు. తిరగేస్తే అచ్చం ఆమె చెయ్యే కాదా మరి! తను తప్పించుకుందామని తీసుకెళ్లి ఆమె మెడకు తగిలించాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వాచిన మోకాళ్లతో పొద్దంతా నిలబడి పోగులు అతికితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ వయసులో ఆమెను ఇంకెవరు పెట్టుకుంటారు?

చేతిలో పోగు నిలవడం లేదు. మూడుసార్లు తెగింది. నీళ్ల దగ్గరికి వెళ్లి తాగకుండానే వెనక్కొచ్చాడు. చెబితే తన కొలువు పోతుంది. చెప్పకపోతే ఆమెది పోతుంది. ఆఫీసు తలుపు ఎంతకీ తెరుచుకోదు. ఇక ఉండబట్టలేక మగ్గం ఆపి పరుగెత్తాడు.

లోపల ఐలమ్మ చేతిలో చాయ్ గ్లాసుంది. బల్ల మీద ఓ కాగితం, దాని మీద తడి ఆరని ఆమె వేలిముద్ర. వెళ్లగొట్టే ముందు చాయ్ పోయించడం సేటు మర్యాద కాబోలు.

"సేట్‌జీ, ఆ చెయ్యి ఆమెది కాదు. నాది!"

ఐలమ్మ కళ్లెర్రజేసింది. "నీకెందుకురా? ఆ ముడి నాదే. పోయి నీ పని జూస్కో."

తన కోసం తప్పు మీదేసుకుంటోంది! రవీంద్ర కళ్లు చెమ్మగిల్లాయి.

"లేదు పెద్దమ్మా. నా కోసం నువ్వు మునుగుడు నేను సూడలేను."

"సప్పుడు జేయకురా, నీకు దండం బెడ్త!"

ఆమె దండం పెట్టినకొద్దీ అతనికి పౌరుషం పెరిగింది. గోడకున్న అద్దం ముందు నిలబడి, చొక్కా జేబులోని పోగు తెంపి ముడివేశాడు. "అద్దంల సూడండి సేట్‌జీ. నేనే వీడియో తీసిన, నేనే తిప్పిన."

సేటు అద్దంలోకి చూశాడు, ఫోన్‌లోకి చూశాడు, మళ్లీ అద్దంలోకి చూశాడు. రెండూ ఒకటే.

"కల్ సే మత్ ఆనా," అన్నాడు రవీంద్రతో. రేపట్నుంచి రావద్దని. తర్వాత ఐలమ్మ వైపు చిరాగ్గా చూసి, బల్ల మీది కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. వెళ్లి నీ పని చూసుకొమ్మని ఆమెకు చేత్తోనే సైగ చేశాడు.

బయటికి వస్తుంటే ప్రసన్నకు ఏం చెప్పాలో రవీంద్రకు తోచలేదు. అయినా మూడు రోజుల పాపం ఒక్కపూటలో కడిగేసుకున్నట్టుంది.

"నాది పోతే పాయె పెద్దమ్మా. నీ పని దక్కింది, గంతే సాలు."

ఐలమ్మ గోడ పట్టుకుని, మోకాళ్లు నిమురుకుంటూ అతని వైపు చూసింది.

"నా పని తీస్తమని ఎవడన్నడురా నీకు? ఆ ముడి జూసి, కిమ్ ఊర్లె కొత్త షెడ్డు పోరగాండ్లకు కుర్చీల కూసోని ముడి నేర్పే కొలువు రాసిచ్చిండు సేటు, గిప్పుడు నువ్వు సింపిచ్చిన కాయిదం గదే!"