నది అవతలి పేజీలు

"ఆఖరి పేజీలేవి?" మంచం మీంచి పుస్తకం ఊపుతూ ఖాజా అరిచాడు.

ఖైరున్నీసా తడి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏటైందండీ?"

"సూడు! ఏటి ఒడ్డుకి ఒచ్చాడా, వరదొచ్చి పడవలు ఆపేసినారు. కాళ్ళు బొబ్బలెక్కిపోయినాయి. అవతలికి పోతే వేళాంగణి ఎంతో దూరం లేదంట. 'అప్పుడు నేను' అన్నాడు, అంతే! తరవాత అట్ట ఒక్కటే ఉంది."

ఆ పుస్తకం రాసినాయన పేరు దేవదానం. విశాఖపట్నం నుంచి వేళాంగణి మాత గుడికి కాలినడకన బయల్దేరి, ఆ ప్రయాణమంతా రాసి సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. పాతపుస్తకాలమ్మే హుస్సేన్ బాషా కొట్లో ఖైరున్నీసా దాన్ని వెతికి పట్టుకుంది. "యాత్రల పుస్తకాలు సానా ఉన్నాయమ్మా" అని బాషా ఒక కట్ట ముందు పెడితే, "ఏడుత్తా నడిసినోళ్ళవి ఒద్దు భాయ్, నవ్వుతా నడిసినోళ్ళది ఇయ్యి" అంది. కొట్టంతా గాలిస్తే అలాంటిది ఇదొక్కటే దొరికింది.

ఖాజా హార్బర్లో కళాసీ. నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, కట్టు విప్పేశారు, ఇక నడవమన్నాడు డాక్టరు. ఖాజా ఒక్కసారి కాలు నేల మీద మోపి కెవ్వుమన్నాడు. ఆనాటి నుంచి పెరట్లోకి వెళ్ళాలన్నా భార్య భుజమే. వీధి మొహం చూడలేదు.

పుస్తకం మాత్రం చేతిలోంచి వదల్లేదు. తుని దగ్గర దేవదానం పొరపాటున ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో కలిసిపోయి, మగపెళ్ళివారి పంక్తిలో భోంచేసిన చోట పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల్లూరు దాటాక వానలో పాడుకుంటూ నడిచిన చోట తనూ కూనిరాగం తీశాడు. తీరా ఇక్కడ ఆగిపోయింది.

"ఎల్లి హుస్సేన్ భాయ్‌ని అడుగు, ఇంకో కాపీ ఉందేమో."

ఆమె వెళ్ళి వచ్చింది. "లేదంటన్నాడు."

"అట్ట మీద అడ్రసుంది, గోపాలపట్నం. నువ్వెల్లి ఆయన్నే అడిగిరా. ఏరు దాటాడో లేదో."

"బాగుంది! పరాయోళ్ళింటికి నానొక్కదాన్నీ ఎల్లి, ఏరు దాటినారా బాబూ అని అడగాలా? కార్డు ముక్క రాయండి."

ఖాజా రాశాడు. "ఇదిగో, డబ్బాలో ఏసిరా."

"పొయ్యి మీద అన్నముంది. డబ్బా సందు సివరేగా. అంత తొందరైతే మీరే ఏసి రండి."

ఖాజా కార్డు నేలకేసి కొట్టాడు. ఆమె దాన్ని తియ్యలేదు. సాయంత్రం దాకా అది మంచం పక్కనే పడి ఉంది. చివరికి ఖాజా పళ్ళు బిగించి లేచాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ. టీ కొట్టు ముందు జనం "ఖాజా భాయ్ ఒచ్చాడ్రోయ్!" అని కేకేశారు. అతను ఎవరివంకా చూడలేదు. ఎర్రడబ్బాను కావలించుకున్నంత పని చేసి, కార్డు లోపల పడేసి, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఏసినాను" అన్నాడు.

ఆమె నీళ్ళ గ్లాసు చేతికిచ్చి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక రోజూ పోస్టుమేన్ కోసం సందు చివర కాపలా. మొదట్లో కర్రా గోడా రెండూ కావలసి వచ్చాయి. తరవాత కర్ర చాలింది. ఒకరోజు జవాబు రానే వచ్చింది. 'మీరడిగింది కార్డు మీద ఇమిడేది కాదు. మా ఇంటికి దయచేయండి.'

"సూసినావా! దాటినానో లేదో ఒక్క ముక్క రాత్తే ఈయన సొమ్మేటి పోద్ది?"

"పోనీ ఒగ్గేయండి. దాటే ఉంటాడు."

"ఉంటాడంటే సరిపోద్దేటి? నాను తేల్చుకుంటాను!"

మర్నాడు పొద్దున్నే సిటీబస్సెక్కాడు. గోపాలపట్నంలో దిగి అడిగితే, ఇల్లు కొండవాలు మీద, సందు పైకొస అన్నారు. సగం ఎక్కేసరికి మోకాలు వణికింది. ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు. వెనక్కి చూస్తే బస్సులు కింద అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. దిగిపోదామనిపించింది. ఏటి ఒడ్డున నిలబడ్డ ఆ మనిషికీ ఇలాగే అనిపించి ఉంటుంది. మరి ఏం చేశాడు? అది తెలియకుండా దిగడమెలా?

లేచాడు.

పైన గేటు దగ్గర తెల్లగడ్డం ముసలాయన నిలబడి ఇటే చూస్తున్నాడు. ఎదురు రాలేదు. చెయ్యి అందించలేదు. ఖాజాకి ఒళ్ళు మండింది. ఆ మంటతోనే మిగిలిన ఎత్తూ ఎక్కేసి గేటు పట్టుకున్నాడు. ఊపిరి అందడం లేదు, అయినా గొంతు ఖంగుమంది.

"ఆ ఏరు దాటినారా, లేదా?"

ముసలాయన రెండు చేతులతో అతన్ని హత్తుకున్నాడు. "దాటినాను బాబూ! అవతల గట్టెక్కి సిన్నపిల్లోడిలా గంతులేసినాను. నువ్వు ముందు కూకో."

లోపలికి వెళ్ళి రెండు కాగితాలు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఖాజా సంచిలోంచి పుస్తకం తీసి వాటిని చివర ఆనించాడు. చిరుగుకి చిరుగు అతికినట్టు సరిపోయింది.

"ఇవి నా పుస్తకంలోయే! మీకాడికెలాగొచ్చినాయి?"

"మీ ఆవిడే సింపి తెచ్చి ఇచ్చింది బాబూ, నువ్వు నడిసొత్తేనే ఇమ్మంది."