పది సీసాలు జమైతేనే

హైవే మీద లారీల మోత తగ్గంగనే ఆ చప్పుడు ఇనబడ్డది. టిక్.

కొత్తకోటల ఆ చిన్న ల్యాబుల రాత్రి డ్యూటీకి మల్లిక ఒక్కతే ఉంది. చప్పుడు అల్మారా దిక్కునుంచి వచ్చింది. అండ్ల తొమ్మిది సీసాలున్నయి, ఒక్కోదాంట్ల ఒక్కో మనిషి గడ్డలకెల్లి తీసిన తునక. క్యాన్సరా కాదా తేల్చేది హైదరాబాదుల. కానీ పది జమైతేనే పంపాలెనని ఓనర్ పరమేష్ రూలు. యాదలక్ష్మి సీసా పందొమ్మిది దినాలసంది అండ్లనే ఉంది. రోజూ పొద్దుగూకంగ ఆమె ఫోన్ చేస్తది, "రిపోర్టొచ్చిందా బిడ్డా?" అని.

మల్లిక అల్మారా తెరిచింది. యాదలక్ష్మి సీసా మూత జర లేసి ఉంది. కందిగింజంత తునకను తన చేతులతోనే ఏసింది. ఇప్పుడది సీసా నిండా ఉంది.

తునక కుళ్లకుంట సీసాల పోసే ఫార్మలిన్‌ల ఏసినంక ఏ కణమైనా సచ్చినట్టే. బతికున్న మంచి కణమైనా పక్కది తగలంగనే రెండుగ చీలుడు ఆపేస్తది. గిది గాజు తగిలినా ఆగలే.

మల్లికకు భయం కన్నా ముందు కోపమొచ్చింది. పరమేష్‌కు ఫోన్ కొట్టింది.

"సార్, యాదలక్ష్మి సీసా ఇప్పుడే పోవాలె."

"పది కాలేదు గదమ్మా."

"సీసాల సచ్చిన తునకే గింత పెరిగింది సార్! ఆమె పెయ్యిల బతికున్నది మీ పదో సీసా కోసం ఆగుతదా?"

ఆయన ఫోన్ పెట్టేసిండు.

టిక్. టిక్. మల్లిక వెనక్కి తిరిగింది.

తొమ్మిది మూతలూ లేస్తున్నయి.