కదలని ముల్లు

"ముల్లు లేచింది. మూత విప్పనివ్వను," అన్నాడు సూపర్‌వైజరు.

"లేచింది ముల్లు కాదండీ. మీ మీటరుకి వయసు మీద పడింది," అన్నాడు మేనేజరు. వయసు అన్న మాట అన్నప్పుడు ఆయన చూపు మీటరు మీద లేదు.

బయట పొద్దుటినుంచీ ముసురు. ఓడ కింద నూటిరవై మీటర్ల లోతున చమురు గొట్టానికి ఇనుప మూత ఉంది. దాని బోల్టులు విప్పడానికి డైవరు అప్పటికే దిగి కాచుక్కూర్చున్నాడు. మూతకీ చమురుకీ మధ్య రెండు వాల్వులు మూసి ఉన్నాయి. ఒకటి కారినా రెండోది ఆపుతుంది. రెండూ కారితే మాత్రం ఒత్తిడంతా మూత కిందికి చేరి, విప్పినవాడి ముఖం మీదే పేలుతుంది. ఆ ఒత్తిడి ఎంతో పైవాళ్లకి చెప్పేది కంట్రోల్ గదిలోని ఈ ఒక్క మీటరే. పొద్దున ఒత్తిడి వదిలి సున్నాకి దించితే, గంట తిరక్కుండా ముల్లు వణుకుతూ పైకి జరిగింది.

"రెండు వాల్వులూ ఒకేసారి కారడం మీ సర్వీసులో ఎప్పుడైనా చూశారా?"

"లేదు."

"మరింకేం?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు మీటరుని అంటే ఎలాగండీ? సరే, మార్పించండి. కొత్తదాని మీద ముప్పై నిమిషాలు చూస్తాను. వెంట్రుకవాసి కదిలినా పని ఆపేస్తాను."

మేనేజరు నిట్టూర్చాడు. ఓడ మీద సూపర్‌వైజరుని వెనకాల అందరూ 'మళ్ళీచూడు' అనేది ఊరికే కాదు.

మళ్ళీ ఒత్తిడి వదిలారు. మెకానిక్కు రెంచి పట్టుకుని వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. పోయిన నెల అడక్కుండా ఏదో కుళాయి తిప్పి, ఇదే సూపర్‌వైజరు చేత నానా చీవాట్లూ తిన్నాడు.

"మూయాల్సింది మూసి మీటరు మార్చు. ఆపైన నేను చెప్పకుండా దేన్నీ తిప్పకు. అర్థమైందా?"

"అలాగే సార్." మీటర్ల పలక వెనక్కి దూరి, పావుగంటలో పని ముగించి, పాతదాన్ని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఫోన్లో డైవరు గొంతు వినిపించింది. పీల్చే గ్యాసు వల్ల పిచ్చుక గొంతులా ఉంది.

"ఇంకెంతసేపు మామయ్యా? చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

"ముప్పై నిమిషాలు."

"పిల్లనివ్వడానికి నన్ను రెండేళ్ళు పరీక్షించారు. దీనికి ముప్పై నిమిషాలేనా?"

సూపర్‌వైజరుకి నవ్వు రాలేదు. పెళ్ళయిన మర్నాడే కూతురు ఒక్కటే మాట చెప్పింది. పైన నువ్వుంటేనే ఆయన్ని నీళ్ళలో దిగనిస్తాను నాన్నా, అని. అప్పట్నించీ అల్లుడు దిగిన ప్రతిసారీ ఈయన అన్నీ రెండేసిసార్లు చూస్తాడు. ఎందుకో ఎవరికీ చెప్పుకోడు.

స్టూలు లాక్కుని మీటరు ముందు కూర్చున్నాడు. పక్కన టీ చల్లారిపోయింది.

"పదిహేనైంది, చాలదా?" అన్నాడు మేనేజరు.

"సగం చూస్తే సగం మనిషే తిరిగొస్తాడు."

ఇరవై అయింది. ఇరవై అయిదు అయింది. కొత్త ముల్లు సున్నా మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది. పాతదానిలా వణకనైనా వణకలేదు.

ముప్పై.

"చూశారా? వయసు మీటరుకే," అన్నాడు మేనేజరు, ఈసారి కాస్త మెత్తగా.

సూపర్‌వైజరు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ రోజుకి మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు. అనవసరంగా మేనేజరు మీద నోరు చేసుకున్నానే అని సిగ్గు కూడా పడ్డాడు.

"విప్పు బాబూ," అన్నాడు ఫోన్లో.

మొత్తం ఎనిమిది బోల్టులు. ఒక్కొక్కటీ వదులవుతుంటే అల్లుడు లెక్క చెబుతున్నాడు. నాలుగు. అయిదు. ఆరు.

"ఏడోది కూడా వచ్చేసింది మామయ్యా. ఇంకొక్కటే."

తలుపు తోసుకుని మెకానిక్కు లోపలికొచ్చాడు. పాత మీటరు తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"దీన్ని పరీక్షించాను సార్, బాగానే పనిచేస్తోంది. కొత్తదానికి వెళ్ళే కుళాయి మూసే ఉంచాను, తెరవమని మీరింకా చెప్పలేదు."